గ్రామఫోను చేతిని గూర్చి

గత డిసెంబరు మాసమున, క్రిస్మసు కార్యక్రమమునకు వారము దినముల ముందు, మన పాఠశాల ఉపాధ్యాయుల గదిలో నొక చిన్న వివాదము జరిగినది. సామానుగదిలోని పాత బీరువాను శుభ్రము చేయుచుండగా, గుడ్డలో చుట్టి యుంచిన గ్రామఫోను ప్లేట్లు ఇరువదినాలుగు బయటపడినవి. అందు పదునొకండు లక్కప్లేట్లు, నిమిషమునకు 78 మారులు తిరుగునవి. తక్కినవి తరువాతి కాలపు వినైలు ప్లేట్లు. లక్కప్లేట్లలో రెంటిపై అచ్చుచీటి యూడిపోయి, దాని స్థానమున ఎవరో సిరాతో ‘తెలుగు కీర్తనలు’ అని మాత్రము వ్రాసి యుంచిరి. పాడినవారెవరో, ఏ సంఘమువారో, ఏ సంవత్సరమున పాడిరో తెలియదు. ఇట్టి ప్లేట్లు మఱియొక చోట గలవని మాకు చెప్పగలవా రింతవరకు దొరకలేదు.

సరిగా ఆ దినములలోనే పూర్వవిద్యార్థి యొకరు పాఠశాలకు నొక రికార్డు ప్లేయరును బహూకరించి యుండిరి. అది నేడు అంగడులలో విరివిగా దొరకునట్టి, చేతిపెట్టె యాకారము గల చిన్న యంత్రము. చూచుటకు ముచ్చటగా నున్నది. పిల్లలు ఆ రెండు ప్లేట్లను వెంటనే దానిపై పెట్టి క్రిస్మసునాడు అందఱకు వినిపింప దలచిరి. మేము వలదంటిమి. అంతట గదిలో పెద్ద చర్చ లేచినది. మా సహోద్యోగులలో నొకరు నవ్వుచు, ‘మాస్టారూ, పాట వినుటకు గాక మఱెందుకు?’ అని యడిగిరి. మఱియొకరు మమ్ము పిసినారి యనిరి. ఆ నాడు మేము చెప్పదలచినది తీరికగా చెప్పుటకు వీలు కలుగలేదు. కావున ఈ పత్రికాముఖమున విన్నవించుకొనుచున్నాము.

మా వాదమంతయు ఆ యంత్రముయొక్క చేతిని గూర్చినది. చేయి యనగా, కొనయందు ముల్లును మోయుచు, ప్లేటుపై అంచునుండి నడిమికి నెమ్మదిగా జరుగు నా కడ్డీ. ఇంగ్లీషువారు దానిని టోనార్ము అందురు. పాట బాగుగా లేదన్నచో జనులు మొదట స్పీకరును నిందింతురు, పిమ్మట ప్లేటును నిందింతురు. చేతిని నిందించువారు అరుదు. మా యెఱుకలో తప్పు పలుమారులు చేతిదే.

మన విద్యార్థులలో బొగ్గుబావులలో పనిచేయువారి బిడ్డలే యెక్కువ. వారికి ఈ సంగతి బోధించుట సులభము. బావిలోనికి దిగిన సర్దారు పని మొదలు పెట్టించుటకు ముందు కఱ్ఱతో కప్పును తట్టి చూచును. కప్పు గట్టిగా నున్నచో గణీమని మ్రోగును. పొర విడిపోయి యున్నచో డొల్ల శబ్దము వినవచ్చును. ఆ శబ్దమును నమ్మియే మనుష్యులు దాని క్రింద నిలుతురు. ఇప్పుడు ఆ కఱ్ఱ చీలియున్నదనుకొనుడు, లేదా కొననున్న ఇనుపపొన్ను వదులై గడగడలాడుచున్నదనుకొనుడు. వినవచ్చునది కప్పుయొక్క శబ్దమా, కఱ్ఱయొక్క శబ్దమా? గ్రామఫోను చేయియు నట్టిదే. గాడిలో వ్రాసియున్న దానిని ముల్లు తడవి చూచును. ఆ ముల్లును పట్టుకొన్న చేయి కదలినచో, వణకినచో, బిగిసినచో, ఆ దోషములన్నియు పాటలో గలిసిపోవును.

గాడిలోని వ్రాత యెంత సూక్ష్మమో తెలిసినగాని ఈ మాటయొక్క బరువు తెలియదు. వినైలు ప్లేటుమీది గాడి వెడల్పు మిల్లీమీటరులో ఇరువదవ వంతు మాత్రమే. అందు హెచ్చుస్థాయి స్వరములకు గోడల వంకర మైక్రానునకు లోపుగా నుండును. మైక్రాను మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన యూరి కిటికీలపై నిత్యము పేరుకొను బొగ్గుపొడిలోని రేణువులు అనేకములు దానికంటె పెద్దవి. అట్టి వ్రాతను చదువుటకు పోవు ముల్లును పట్టుకొను చేయి తన ఇరుసునందు వెండ్రుకవాసి వదులైనను చాలును, చదువు చెడును. ఇరుసు మిక్కిలి బిగిసినను అంతే కీడు. అప్పుడు చేయి గాడివెంట రానొల్లక గోడను రాచుకొనుచు వచ్చును.

టోనార్ము అను పేరునకు మొదట సార్థకత యుండెను. 1877లో ఎడిసను గారు స్తంభాకారపు ఫోనోగ్రాఫును, 1887లో బెర్లినరు గారు చదునైన ప్లేటుతో గ్రామఫోనును వెలయించిరి. తొలి గ్రామఫోనులలో పెద్ద బాకా ముల్లుపెట్టెకే తగిలించి యుండెడిది గావున బాకా బరువులో కొంత ప్లేటుమీద పడెడిది. అమెరికాలో విక్టరు కంపెనీవారగు ఎల్డ్రిడ్జి జాన్సను గారు 20వ శతాబ్దారంభమున బోలు గొట్టమువంటి చేతిని కల్పించిరి. అది ముల్లుపెట్టె యొద్ద సన్నగా మొదలై బాకా వైపునకు క్రమముగా లావగును. బాకా బరువును పెట్టె మోయును; చేయి ముల్లుపెట్టెను మాత్రమే మోయుచు, ధ్వనిని తన కడుపులోనుండి బాకాకు చేర్చును. ధ్వని నిజముగ చేతిలోనుండియే పోయెడిది. విద్యుత్తు వచ్చిన పిదప చేతిలో సన్నని తీగలు తప్ప మఱేమియు పోదు. ధ్వనిని మోయు పని తప్పినది, ముల్లును నిలుపు పని మాత్రము మిగిలినది. ఆ మిగిలిన పనియే కష్టతరమని తెలిసికొనుటకు ఇంజనీర్లకు కొంత కాలము పట్టినది.

ఇందు మొదటి చిక్కు రేఖాగణితమునకు సంబంధించినది. పదవ తరగతివారు దీనిని వృత్తలేఖినితో కాగితముపై సరిచూచుకొనవచ్చును. ప్లేటును చెక్కునపుడు చెక్కెడి ముల్లు అంచునుండి నడిమికి సరళరేఖపై సాగును. ఎల్లప్పుడును గాడికి స్పర్శరేఖ దిక్కుననే యుండును. పాడించు యంత్రమున నట్లు కాదు. చేయి యొక ఇరుసుపై తిరుగును గావున ముల్లు వృత్తఖండమున నడచును. ఇరుసునుండి ముల్లువఱకు 229 మిల్లీమీటర్లుగల తిన్నని చేతిని, ముల్లు సరిగా నడిమి మేకునకు చేరునట్లు అమర్చితిమనుకొనుడు. ప్లేటు అంచున, అనగా 146 మిల్లీమీటర్ల వ్యాసార్థము నొద్ద, ముల్లు స్పర్శరేఖకు 18 డిగ్రీలకు మించి తప్పియుండును. 60 మిల్లీమీటర్ల యొద్ద ఏడు డిగ్రీలు దాటి తప్పియుండును. ఒక దిక్కు చూచుచు చెక్కినదానిని వేఱొక దిక్కు చూచుచు చదువుట వంటిది. అందుచే స్వరమునకు లేని కఱకుదన మంటును.

దీనికి విరుగుడును 1924లో పెర్సీ విల్సను గారు ‘గ్రామఫోను’ అను ఇంగ్లీషు పత్రికలో చర్చించిరి. 1938లో ఎరిక్ లోఫ్‌గ్రెన్ గారు జర్మను భాషలోను, 1941లో బేర్వాల్డు గారు ఇంగ్లీషులోను దానిని గణితముతో సాధించిరి. చేతి తలను లోనికి వంచవలెను. ముల్లు నడిమి మేకును కొంచెము దాటిపోవునట్లు ఇరుసును జరుపవలెను. పైని చెప్పిన పొడవు గల చేతికి వంపు 24 డిగ్రీలు, దాటుడు 18 మిల్లీమీటర్లు. అట్లమర్చినచో 66 మిల్లీమీటర్ల యొద్దను 121 మిల్లీమీటర్ల యొద్దను తప్పు పూర్తిగా సున్న యగును; తక్కిన చోట్ల రెండు డిగ్రీలకు మించదు. పదునెనిమిది రెండైనది. ఇందుకు వలసినది విలువగల లోహము గాదు, ఒక వంపు మాత్రమే. ఆ వంపు నిచ్చిన లెక్క నేటికిని మాఱలేదు. ఇట్టి ఉదాహరణము చేతిలో నుండగా, రేఖాగణితము ఎందుకు పనికివచ్చునని పిల్లలడిగిన మేము వెదకుకొన నక్కఱలేదు.

అయితే వంపుతో నొక కొత్త బాధ పుట్టినది. తిరుగు ప్లేటు ముల్లును ముందునకు లాగుచుండును. తల వంగుటచే లాగుడు ఇరుసునకు ప్రక్కగా పోయి, చేతిని నడిమివైపునకు త్రోయును. ఆ త్రోపు ముల్లు బరువులో సుమారు పదియవ వంతుండును. స్వల్పమే యని త్రోసిపుచ్చరాదు. 1958 మొదలు వచ్చిన స్టీరియో ప్లేట్లలో గాడియొక్క లోపలి గోడపై ఎడమ స్పీకరు పాటయు, వెలుపలి గోడపై కుడి స్పీకరు పాటయు వ్రాసియుండును. త్రోపుచే ముల్లు లోపలి గోడపై నొరగి, వెలుపలి గోడను తేలికగా తాకును. తేలికగా తాకు ప్రక్కనే ముల్లు గంతులిడి గోడను చెక్కివేయును. అందుచే మంచి చేతులకు చిన్న దారమునకు వ్రేలాడు గుండో, స్ప్రింగో కట్టి వెలుపలికి లాగుదురు. డెన్మార్కు దేశపు బాంగ్ అండ్ ఓలఫ్‌సెన్ వారు 1972లో చేతిని తిప్పకుండ సరళరేఖపైననే నడిపించు యంత్రమును చేసిరి. అది అందమైన పరిష్కారమే కాని ధనికులది.

రెండవ చిక్కు బరువు. ఇది మా స్వానుభవము. 1980 దశకపు చివర మా తండ్రి తన బోనసు సొమ్ముతో నొక రికార్డు ప్లేయరును కొనెను. మా యింట కీర్తనల ప్లేటొకటి యుండెడిది. దానిలో మా తల్లికి ప్రియమైనది మొదటి ప్రక్కన చివరి పాట. కొంత కాలమునకు ముల్లు ఒకే చోట గంతులిడ సాగినది. మా తండ్రి ‘పావలా పెట్టు బిడ్డా, కదలదు’ అనెను. పెట్టితిమి. నిజముగనే కదలలేదు. రెండు సంవత్సరములు ఆ పావలా కాసు చేతి తలపై నట్లే యుండినది. ఆ తరువాత చివరి పాటలో గాయని గొంతు బొంగురు పోయి, ‘స’కారము వచ్చినచో నెల్ల బుస్సుమను చప్పుడు వినవచ్చెడిది. గాయని వృద్ధాప్యమున పాడినదని మేమనుకొంటిమి! ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువునపుడు, భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని పాత టర్నుటేబులును విప్పి బాగుచేయుచుండగా, సంగతి తెలిసి మేము సిగ్గుపడితిమి.

ఆ పావలా కాసు బరువు రెండున్నర గ్రాములు. మంచి చేయి, మంచి ముల్లు గలచోట మొత్తము బరువే ఒకటిన్నర మొదలు రెండు గ్రాముల వరకుండును. మా చవుక యంత్రమున అప్పటికే అయిదు గ్రాములుండెను. దానిపై మేము సగము చేర్చితిమి. ముల్లు గాడిని తాకు చోటు కంటికి కనబడనంత చిన్నది గావున, అంతటి స్వల్పభారమే అక్కడ గోడలను నొక్కి చదును చేయగలదు. చివరి పాటయే ఏల ముందు చెడినదో కూడ లెక్కకు వచ్చును. నిమిషమునకు 33⅓ మారులు తిరుగు ప్లేటు అంచున గాడి ముల్లుక్రింద సెకనునకు 51 సెంటీమీటర్లు పరుగెత్తును; నడిమి చేరువరకు 21 సెంటీమీటర్లే. అదే స్వరమును సగముకంటె తక్కువ నిడివిలో ఇరికించి వ్రాయవలసి వచ్చును. అక్షరము చిన్నదైనకొలది మొద్దుకలము చేయు కీడు హెచ్చును గదా. ఇంతకును ముల్లు గంతులిడుటకు కారణము తేలికదనము గానే కాదు. ఇరుసులో బొగ్గుపొడి చేరి పాత గ్రీసుతో గలిసి గట్టిపడియుండెను. గుడ్డతో తుడిచి బొట్టు నూనె వేసియుండిన ఆ పాట నేటికిని మిగిలియుండెడిది. పెట్టవలసినది నూనె, మేము పెట్టినది కాసు.

బరువనగా ముల్లుమీది భారము మాత్రమే కాదు, చేయి కదలుటకు చూపు బద్ధకము కూడ. మన పల్లెలలోని ఏతమును చూచినవారికి ఇది స్పష్టము. వెనుక గుండు కట్టియుండుటచే దాని కొన వ్రేలితో నెత్తినను లేచును. కాని దానిని త్వరత్వరగా ఊపి చూడుడు, మాట వినదు. చేయి యట్లే యుండవలెను. ప్లేటు వంకరలవలన సెకనునకు ఆరేడు మారులకు లోపుగా వచ్చు ఎత్తుపల్లములకు అది లొంగి లేచి దిగవలెను. ఇరువదికి మించి వచ్చు సంగీతకంపనములకు ఇసుమంతయు కదలరాదు. ఇద్దరు యజమానుల కొలువు వంటి పని. కావున చేతిబరువును ముల్లుయొక్క మెత్తదనమును జతపఱచి, ఆ రెండును గలిసి తమంతట తాము ఊగు వేగము సెకనునకు 8కిని 12కిని నడుమ పడునట్లు చూతురు. మెత్తని ముల్లును బరువైన చేతికి తగిలించినచో ఊగుడు క్రిందికి దిగి, వంకర ప్లేటుపై చేయి పడవవలె తూగును. మిక్కిలి విలువగల ముల్లును కొని తగని చేతికి తగిలించి మోసపోయితిమని వాపోవువారు గలరు. మా మతమున, సరిగా అమర్చిన మధ్యరకపు చేయి సరిగా అమర్చని గొప్ప చేతికంటె మేలు. పండ్రెండంగుళముల పొడుగుచేతులను కీర్తించువారును గలరు. పొడవు కోణదోషమును తగ్గించునుగాని బద్ధకమును పెంచును.

మన గోదావరిఖనిలో ఈ విషయము పుస్తకములలో నున్నదానికంటె కఠినము. మే మాసమున ఇచట ఎండ 45 డిగ్రీలు దాటుట వింత గాదు. రేకుల కప్పు క్రింద నుంచిన వినైలు ప్లేటు పెనముపై నప్పడమువలె వంకరపోవును. అట్టి ప్లేటును నడిపించు చేతికి ఓర్పు హెచ్చుగా కావలెను. ఓపెను కాస్టు గనులలో బ్లాస్టింగు జరుగు వేళ కిటికీలు దడదడలాడుట మన మెఱిగినదే. ఆ యదురు బల్లగుండా చేతికి చేరి ముల్లును గాడినుండి విసరివేయగలదు. ఇక పొడి సంగతి చెప్పనే చెప్పితిమి.

ఇప్పుడు బహూకరింపబడిన పెట్టె సంగతికి వత్తము. దాత మనస్సు గొప్పది, మేము కృతజ్ఞులము. కాని దాని చేయి ప్లాస్టికు కడ్డీ. వెనుక తూకపు గుండు లేదు. స్ప్రింగుతో బరువును నిలిపిరి. తగ్గించుటకు గాని హెచ్చించుటకు గాని ఉపాయము లేదు. ప్రయోగశాల త్రాసుపై తూచి చూడగా ముల్లు భారము ఆఱు గ్రాములకు చేరువగా నున్నది. పైగా దాని ముల్లు వినైలు ప్లేట్లకు చేసినది. కొన వ్యాసార్థము 18 మైక్రానుల వంటిది. లక్కప్లేటు గాడి దానికి మూడింతల వెడల్పు గలది. దానికి 70 మైక్రానుల వంటి కొన కావలెను. సన్నని ముల్లు ఆ గాడి గోడల నానక అడుగున దొర్లుచు, పాటను వదలి అడుగున నున్న మట్టిని మాత్రము చదువును. పూర్వకాలపు ఉక్కుముళ్లు నూఱు గ్రాములకు మించిన భారముతో లక్కప్లేట్లపై నడచినవి గదా, ఆఱు గ్రాములకే భయమేల యని యడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. లక్కప్లేటు గట్టిది, దానిలో కలిపిన రాతిపొడి ఉక్కుముల్లునే అరగదీసి గాడికి సరిపఱచెడిది, అందుకే ప్రక్కకొక ముల్లు మార్చెడివారు. నేటి ముల్లు వజ్రమో నీలమో. అది అరిగి యొదుగదు, తగని చోట గీరును. అదియుగాక ఆ రెండు ప్లేట్లు నాడే ఎన్ని మారులు పాడి అరిగినవో మన మెఱుగము.

సందర్భము వచ్చినది గావున, ఆ బీరువాలోనే దొరకిన మఱియొక వస్తువును గూర్చియు చెప్పవలెను. 1939లో అమెరికాలో జాయ్ రిడ్డర్‌హాఫ్ గారు స్థాపించిన గాస్పెల్ రికార్డింగ్స్ వారు, చదువురాని జనులకు వారి వారి భాషలలో సువార్తను వినిపింప బూని అనేక భాషలలో ప్లేట్లు చేసిరి, తెలుగునందును చేసిరి. విద్యుత్తు లేని పల్లెలకై వారు పంచిన కార్డ్‌టాక్ అను యంత్రము మడిచిన అట్టముక్క. అట్టకే ముల్లు గ్రుచ్చియుండును. ప్లేటు రంధ్రమున పుల్లనో పెన్సిలునో ఉంచి చేతితో త్రిప్పినచో అట్టయే కంపించి మాటాడును. చేయి, ముల్లుపెట్టె, బాకా – మూడును ఆ అట్టయే. పాటకు అది పనికిరాదు. త్రిప్పువాని చేతివాటమును బట్టి స్వరము ఎక్కుచు దిగుచుండును. కాని మాటకు చాలును. తన పనికి తగిన చేయి యని మేము దానిని మెచ్చుకొందుము. ఆ ప్లేట్లు పంచిపెట్టుటకై చేసినవి; అరిగినచో మఱియొకటి వచ్చెడిది. మన కీర్తనల ప్లేట్లకు మఱియొకటి యెచ్చట?

‘ఒక్కమారు పెట్టి, ఫోనులో పట్టుకొని, ఇక ప్లేటును ముట్టకుందము’ అని చిన్న ఉపాధ్యాయు లొకరు సలహా నిచ్చిరి. ఈ సలహా మంచిదనియే మా యభిప్రాయము. మా పట్టుదలయు నిందులకే. ఒక్కమారే యైనపుడు ఆ ఒక్కమారు చదువు చేయి యెట్టిదై యుండవలెను? కంప్యూటరు లోనికెక్కునది గాడి పాట కాదు, చేయి విన్న పాట. ముల్లు కోణము తప్పినచో ఆ తప్పును, చేయి వణకినచో ఆ వణకును, అది యథాతథముగ శాశ్వతము చేయును. పిమ్మట ఏ యంత్రముతో కడిగినను గొంతు ఏదో, గీర ఏదో విడదీయుట దుర్లభము. మన మనుమలు ఆ ప్రతిని విని, మా చిన్ననాటి బుద్ధివలెనే, పాడినవారి గొంతు బొంగురని యనుకొందురు. పేరు కూడ మిగులని ఆ గాయకులకు మనము చేయగల అన్యాయ మింతకంటె లేదు.

కావున మేము ప్రధానోపాధ్యాయుల వారికి విన్నవించినది యిది. పెట్టెను వినైలు ప్లేట్లలో రెండు మూడు ప్రతులు సులభముగ దొరకువానికి వాడుకొందము. పిల్లలు విని యానందింతురు గాక. లక్కప్లేట్లను నిలువుగా, ఎండ తగులని చోట నుంచుదము. వెనుక గుండు గల పాత చేతితో కూడిన టర్నుటేబులును, 78 వేగమును గలదానిని, సంపాదింతము, కొత్తది కానక్కఱలేదు. దానికి తగిన వెడల్పు ముల్లును వేఱుగా తెప్పింతము. ఆ పిమ్మట నొక ఆదివారము, ఆరాధన ముగిసిన తరువాత, గనులలో బ్లాస్టింగు లేని వేళ చూచి, ఒక్కొక్క ప్రక్కను ఒక్కమారు పాడించి ప్రతి తీసికొందము.

ఇందుకు పదవ తరగతి విద్యార్థులు అప్పుడే కొలతకాగితమును గీసియుంచిరి. నడిమి మేకునకు రంధ్రము, దానినుండి 66 మిల్లీమీటర్ల యొద్ద నొకటి, 121 మిల్లీమీటర్ల యొద్ద నొకటి రెండు చుక్కలు, వానిపై గళ్లు. మొదటి కాగితమున రెండవ చుక్క 119 యొద్ద పడినది. గీసిన బాలిక తానే కనిపెట్టి చించివేసి మరల గీసినది. తల్లిదండ్రులలో నెవరి యింటనైనను గుండు గల చేయితో పాత టర్నుటేబులు మూలబడియున్నచో, చెడిపోయినదైనను సరే, పాఠశాలకు కబురంపగోరుచున్నాము. దాని తలపై పావలా కాసు అంటించియున్నచో దానిని తీసివేయకుండ అట్లే తీసికొనిరండు. పిల్లలకు తూచి చూపవలసియున్నది.